టేపు చివర మిగిలిన లోయ

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా వంటింటి కిటికీ బయట ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీల దిగువన ఉంది. గాలి లేదు. ఆకాశం ఎక్కడా అతుకు కనిపించని బూడిదరంగు గుడ్డలా ఉంది. ఆ నిమిషాన నస్రీన్ అనే అమ్మాయి మా భోజనాల బల్ల మీద అరచేతిలో ఇమిడే రికార్డరు పెట్టి, దాని ఎర్రదీపం వెలిగించింది. డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదువుతున్న హైదరాబాదు పిల్ల, వాళ్ల ఇల్లు మలక్‌పేటలో. మాట విని అక్షరాలుగా మార్చే యంత్రానికి తెలుగు నేర్పడం ఆమె చదువులో భాగం. అందుకు జిల్లాకు ఇన్ని గొంతులని కావాలి. కడప జిల్లా గొంతు దొరకక, మా అమ్మాయి ఆఫీసులో ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ రెండు రైళ్లు మారి వచ్చింది.

ప్రొద్దుటూరులో నా బాల్యం గురించి చెప్పమంది. దూది మిల్లు కూత గురించి, మా అమ్మ అప్పడాలు ఎండబెట్టే మిద్దె గురించి, పెన్నలో చెలమలు తవ్వి నీళ్లు తెచ్చుకున్న వేసవి గురించి నలభై ఎనిమిది నిమిషాలు చెప్పాను. మధ్యలో ఆమె ఒకే ఒక్కసారి, జర పెద్దగ మాట్లాడుండ్రి, మైక్ దూరమున్నది అంది. అంతా అయ్యాక ఫోనులో ఏదో పట్టిక తెరిచింది.

“అంకుల్, ఒక్క క్వశ్చన్ మిగిలింది. మీరు ప్రొద్దుటూరు ఇడిసిపెట్టి ఎన్నేండ్లయింది?”

“యాభై మూడేళ్ల నాలుగు నెలలు.”

ఆమె వేలు తెర మీద ఆగిపోయింది. “పదేండ్లు దాటితే తీసుకోవద్దన్నరు అంకుల్. నేను ముందుగాలనే అడగాల్సింది. ఏమనుకోకుండ్రి.”

నా గొంతు ఏమవుతుందని అడిగాను. వేరే ఫోల్డర్లో ఉంటుందని, ప్రాజెక్టు ముగిశాక అవసరం లేనివన్నీ తుడిచేస్తారని తలవంచుకొని చెప్పింది. ఏమీ అనుకోలేదమ్మా అన్నాను. టీ ఇచ్చాను. రెండోసారి పోస్తే వద్దనలేదు. నేను నిజంగానే ఏమీ అనుకోలేదు. ఆ నియమం నాకు కొత్త కాదు. అదే నియమాన్ని యాభై రెండేళ్ల కిందట, జర్మనీ ఉత్తరపు కొసన, మరొకరి విషయంలో విన్నాను. ఆమె పేరు గూరో రోమర్. ఆమె నా ఇంటి యజమానురాలు.

నేను ల్యూబెక్ నగరంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చినది 1971 అక్టోబరులో. నది ఒడ్డునున్న సన్నని ఇటుకమేడ మూడో అంతస్తులో ఆమె ఒక గది అద్దెకిచ్చేది. ఆ ఇంటి వాసనలను ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను. పొద్దున బొగ్గుపెళ్ల పొగ, దాని మీద కాఫీ, మధ్యాహ్నం ఉడికిన బంగాళాదుంప తొక్క, సాయంత్రం పొయ్యి పక్క ఆరే ఉన్ని మేజోళ్లు, శనివారం నేలకు రాసే మైనం. కాఫీని జర్మన్ల మాదిరి వడకట్టేది కాదు. నీళ్లలో పొడి వేసి మరిగించి, పొడి అడుగుకు దిగేదాకా గిన్నెను కదపకుండా నిలబడి చూసేది. ఆమె నార్వే మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దేశాన్ని ఆక్రమించిన సేనలోని కార్ల్ రోమర్ అనే జర్మన్ సిపాయిని పెళ్లాడింది. యుద్ధం ముగియగానే అటువంటి స్త్రీల పౌరసత్వం రద్దుచేసి వాళ్లను జర్మనీకి పంపేశారు. ఇరవై నాలుగో ఏట ఒక్క పెట్టెతో ఓడ దిగింది. నేను చేరేనాటికి ఆమెకు యాభై. కార్ల్ పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. పుట్టిన లోయ నుంచి వచ్చిన ఉత్తరం మొత్తం మీద ఒక్కటే. తల్లి అంత్యక్రియలకు రావద్దని చెల్లెలు రాసినది.

పదిహేను రోజులకొకసారి ఆమె బంగాళాదుంప పిండితో పలుచని రొట్టెలు చేసేది. వాటిని ఒత్తడానికి గాళ్లు పడిన కర్ర ఒకటుండేది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ చేతి అప్పడాల కర్ర గుర్తొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను. జర్మన్‌లో మితంగా మాట్లాడే మనిషి, రొట్టెలు ఒత్తేటప్పుడు మాత్రం తన లోయ మాటలో పిండితో, పొయ్యితో, గోడ గడియారంతో ఎడతెగక మాట్లాడేది. పిండిని తిట్టేది, గడియారాన్ని వెక్కిరించేది. గోడ ఇవతల లెక్కలు చేసుకుంటూ నేను వినేవాణ్ణి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ నాలుకను వెనక్కి మడిచి ముందుకు కొట్టే ధ్వని ఒకటి ఆ మాటల్లో మాటిమాటికీ వచ్చేది. మన ళకూ డకూ నడుమ ఉండే ధ్వని. జర్మన్ల నోట అలాంటిది ఎన్నడూ వినలేదు. ఇంటిమీద బెంగ పుట్టిన రోజుల్లో పుస్తకం మూసి దానికోసమే చెవి ఒగ్గేవాణ్ణి.

ఆ ధ్వనే నాకు పని ఇప్పించింది. ఊళ్లో ఒక ధర్మసంస్థ శబ్దభాండాగారం నడిపేది. నార్వే నలుమూలలా పల్లెల మాటను టేపులకెక్కించి, ఏ ప్రాంతంలో ఏ హల్లు ఎలా మారుతున్నదో పటం మీద గుర్తించడం అక్కడి పని. టేపుయంత్రాలు చూసుకోవడానికి విద్యార్థి కావాలంటే వెళ్లాను. మా ఇంటావిడ మాట్లాడే ఆ ధ్వనిని పలికి చూపి, ఇదేమిటని అడిగాను. మర్నాటి నుంచి నన్ను లెక్కింపులోనూ కూర్చోబెట్టారు. గోడ నిండా నార్వే పటం ఉండేది. బిడ్డను బార్న్ అని రాసుకుంటారు. తూర్పున ర, న కలిసిపోయి అది బాణ్ అవుతుంది, పడమట కొండల నడుమకు సముద్రం చొచ్చుకొచ్చిన ఫియోర్డుల్లో బాడ్న్ అవుతుంది. దక్షిణ తీరంలో అచ్చు తరువాతి పరుషాలు సరళాలవుతాయి. పుస్తకం బూక్ కాదు, బూగ్. కేకు కాకె కాదు, కాగె. నడిమి లోయల్లోనూ ఉత్తరాన చాలాచోట్లా మనిషి మాన్ కాదు, మాఞ్. పడమటి రేవుపట్టణాల నుంచి గొంతులో పలికే రకారం బయలుదేరి, గోడకు పట్టిన చెమ్మలా ఏటేటా పల్లెల వైపు జరుగుతుండేది. ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క రంగు గుండుసూది. సూది గుచ్చాలంటే ఆ పారిష్ నుంచి, అంటే ఒక చర్చి కిందికి వచ్చే పల్లెల నుంచి, ఒక గొంతు ఉండాలి.

లెక్కించేవాళ్లం ఇద్దరం, నేనూ ఉర్సులా. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్ద, సన్నగా, ఎప్పుడూ దగ్గుతో ఉండే మనిషి. చెవులను బట్టి పని పంచుకున్నాం. నాలుక మడిచి పలికే మూర్ధన్యాలు నావి. ఇవి రెండూ ఒకటే కదా అని ఆమె పదేపదే రెండు ధ్వనులు వేసుకొని విని చివరికి నాకు వదిలేసింది. అక్కడి పాతతరం వేరువేరుగా పలికి కొత్తతరం కలిపేస్తున్న, మన శ ష ల వంటి జంట ఒకటి ఉంది. అది ఆమెది. మేము కూడా శ ష లు వేరుగా రాసి ఒకటిగా పలుకుతామని చెబితే, అయితే మీరు ఇక్కడ సాక్షిగా పనికిరారు అని నవ్వింది. ఒక్కొక్క ధ్వనిని రెండుమార్లు విని పెన్సిలుతో గీత పెట్టడం, రెండు లెక్కలూ కలవకపోతే మూడోమారు వినడం మా పద్ధతి. అంకె తప్ప మరేదీ నమ్మకపోవడం నాకు అక్కడే అలవాటైంది.

గూరో పారిష్‌కు సూది లేదు. ఆ లోయలో ఎంచుకున్న ముసలాయన, రికార్డు చేసేవాళ్లు వెళ్లేలోగా చనిపోయాడు. ఆ సంగతి ఒకరోజు భోజనాల దగ్గర మామూలుగా చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది. ఆయన ఎవరో ఆమెకు తెలుసు, చిన్నప్పుడు ఆయన గుర్రం తోలేవాడట. ఆ టేపులు చివరికి ఎక్కడికి పోతాయని అడిగింది. అంగీకరించిన టేపులన్నిటికీ ప్రతులు తీసి ఆ పారిష్ బడికి పంపుతామని, అక్కడ పిల్లలకు వినిపిస్తారని చెప్పాను. ఆమె పళ్లెం పక్కకు జరిపింది.

“నన్ను రానివ్వలేదు. నా గొంతునైతే రానిస్తారా, హెర్ సుబ్బా?”

సుబ్బరాయుడు అనే నా పేరు ఆమె నోట అంతకుమించి సాగేది కాదు. ఒకే ఇంట్లో ఏడాదికి పైగా అన్నం తింటున్నా ఆమె నన్ను హెర్ అని, అంటే గారు అని, మీరనే అనేది. అడగడంలో కూడా ప్రాధేయపడలేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టే అడిగింది.

మా డైరెక్టరు నియమాల మనిషి. గొంతు ఇచ్చేవారు పుట్టిన పారిష్ విడిచి ఏడాదికి మించి బయట ఉండకూడదన్నది మొదటి నియమం. అయినా ఆ సూది ఖాళీ ఆయనకూ గుచ్చుకుంటున్నందువల్ల, రికార్డు చేసి తెండి, కమిటీ ముందు పెడతాను అన్నాడు. 1973 మార్చి 10, శనివారం ఉదయం ఉర్సులా వెంట రాగా యంత్రాన్ని మూడు అంతస్తులు మోసుకెళ్లి వంటింటి బల్ల మీద పెట్టాను. ఆమె ముస్తాబై కూర్చుంది. మెడకు వెండి పిన్ను, కాళ్లకు ఇంట్లో ఎన్నడూ తొడగని బూట్లు. ఎర్రదీపం వెలగగానే మూగబోయింది. ఉర్సులాకు ఉపాయం తోచి, పిండి కలపమంది. పిండిలో చెయ్యి పెట్టగానే మాట వచ్చింది.

చెప్పిందంతా వాళ్ల లోయలో ఎండ గురించి. ఉర్సులా తరువాత నాకు అర్థం చెప్పింది. కొండల నీడవల్ల నవంబరు నుంచి వాళ్ల పెరట్లో ఎండ పడదు. మళ్లీ మొదటి ఎండ దిగేది ఫిబ్రవరి పదకొండున. ఆ రోజు తల్లి కిటికీ గట్టు మీద వెన్నముద్ద పెట్టేది. ఎండ తగిలి అది కరగడం మొదలుపెడితే చలికాలం గడిచినట్టే. పిల్లలంతా గట్టుకు గడ్డాలు ఆనించి చూసేవాళ్లట. ల్యూబెక్‌లో కూడా ఆమె ఏటా కిటికీలో వెన్న పెట్టేది, అప్పటికి నేను రెండుసార్లు చూశాను. ఆ కిటికీ ఉత్తరముఖం. వెన్న కరిగేది కాదు. సాయంత్రం దాన్ని తీసి రొట్టెకు రాసుకొని తినేసేది. నస్రీన్ వచ్చిన తేదీ కూడా అదే కావడం యాదృచ్ఛికం, యాదృచ్ఛికానికి నేను అర్థం కట్టను.

టేపు నిడివి అరగంట. ఆ మడత ధ్వని రావలసిన చోట్లు నూట ఎనభై ఆరు. రెండుమార్లు విన్నాను, లెక్క కలిసింది. నూట ఎనభై నాలుగు చోట్ల నిఖార్సుగా ఉంది. తప్పిన రెండు చోట్లూ ఒకే మాట, భర్త పేరు. కార్ల్ అన్న పేరును ఆమె తన లోయ పద్ధతిలో కాక, అతడు తన్ను తాను పిలుచుకున్నట్టు మెత్తని లకారంతో పలికింది. ఇరవై ఏడేళ్లు బయట ఉన్న మనిషి నాలుక అరిగిపోలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదనుకొని, అంకెలు తీసుకొని డైరెక్టరు గదికి వెళ్లాను.

కమిటీ ఏప్రిల్‌లో కూర్చుంది. డైరెక్టరు నన్ను పిలిచి, కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

“మీ లెక్క తప్పని నేననను. కానీ ఇన్నేళ్లు ఆమె ఆ మాట ఎవరితో మాట్లాడింది?”

“పొయ్యితో మాట్లాడుతుంది. గడియారంతో.”

“అదే నేననేది. ఆ లోయలో ఈ పాటికి ఏది మారిందో, ఏది నిలిచిందో ఆమెకు తెలియదు. అది ఊరి మాట కాదు. ఒక మనిషి జ్ఞాపకం. జ్ఞాపకానికి సూది గుచ్చలేను.”

అంకెల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన అన్నది శాస్త్రప్రకారం సరైనదే. పటం ఆనాటి మాటకు పటం. ఆ ఏడాది ఆ లోయలో నిలబడి మాట్లాడేవాడి నోట ఉన్నదే దానికి కావాలి.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెప్పాను. ఆమె చేపల చర్మం ఒలుస్తోంది, ఒలవడం ఆపలేదు. “పటానికి కూడా పాసుపోర్టు కావాలన్నమాట” అంది. ఇంకొక చేప తీసుకొని, “మీకు ఉల్లిపాయ వెయ్యనా?” అని అడిగింది. ఆ తరువాత చాలా వారాలు రొట్టెలు ఒత్తేటప్పుడు గోడ అవతల కర్ర చప్పుడే వినిపించింది, మాట వినిపించలేదు. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో చదువు సాగక లైబ్రరీకి పోయేవాణ్ణి.

టేపు ఖరీదైన వస్తువు. కమిటీ వద్దన్న టేపును దాచే ఆచారం లేదు. మళ్లీ ఊళ్లు తిరిగేవాళ్ల సంచిలోకి పోయేది. ముందుగా తుడవడం కూడా ఉండదు, కొత్త గొంతు పాత గొంతును చెరుపుకుంటూ పోతుంది. ఆగస్టులో ఆ చుట్ట దక్షిణ తీరం నుంచి తిరిగి వచ్చింది. అట్ట మీద గూరో పేరు కొట్టేసి ఒక జాలరి పేరు రాసి ఉంది. ఎండ్రకాయల బోనుల గురించి ఆయన మాటలు బూగ్, కాగె అంటూ మెత్తగా సాగాయి. పటానికి చక్కగా పనికొచ్చే గొంతు. కాని ఆయన తొందరపడి ముగించాడు. కుర్చీ జరిపిన చప్పుడు, ఒక టక్కు. దాని వెనకే గూరో.

ప్రతి టేపునూ చివరంటా వినడం నా పని గనుక విన్నాను. ఆరేడు సెకన్లు, ఒక్క వాక్యం. ఉర్సులాను పిలిచి వినిపిస్తే మెల్లగా అర్థం చెప్పింది. “అప్పుడు ఎండ పెరట్లోకి దిగి వస్తుంది, లోయ అంతా మేలుకొంటుంది.” మిగిలిన తోకను కోసి తెల్లని పట్టీ అతికించి అప్పుడే ప్రతి తియ్యాలన్నది పద్ధతి. బ్లేడు ఉర్సులా చేతిలో ఉంది. ఆమె టేపు వంక చూసి, నా వంక చూసి, దగ్గి, బ్లేడును సొరుగులో పెట్టి సొరుగు మూసింది. ఆ విషయం మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. ప్రతి తీశాను. సెప్టెంబరు 4, మంగళవారం అది దక్షిణ తీరంలోని ఆ జాలరి పారిష్ బడికి టపాలో పోయింది.

ఇంటికి వచ్చి గూరోకు చెప్పాను. ఏ మాటలు మిగిలాయని అడిగింది. ఉర్సులా చెప్పిన అర్థం చెబితే తల ఊపింది. ఆ బడి తన లోయకు ఎంత దూరమని అడిగింది. నా గదిలోని చిన్న పటం తెచ్చి, దాని మీద స్కేలు పెట్టి కొలిచి, గీత కొట్టినట్టు పోయినా ఆరువందల కిలోమీటర్లకు తక్కువ లేదన్నాను. ఆమె చేతులు తుడుచుకొని పటం మీదికి వంగి ఆ చోటు చూసింది.

“కాకె అని గట్టిగా అనలేనివాళ్లు. వాళ్ల పిల్లలు నన్ను విని నవ్వుతారు.” పటం మడిచి నా చేతికిస్తూ, “నార్వేలోనే కదా” అంది.

ఆ శనివారం పిండితో మళ్లీ మాట్లాడింది. గతానికన్న తక్కువగా, తక్కువ గొంతుతో.

నేను 1975లో ఉద్యోగం వచ్చి దక్షిణానికి, మ్యూనిక్ వైపుకు వచ్చేశాను. గూరో 1991 నవంబరులో పోయిందని ఉర్సులా ఉత్తరం రాసింది. ఉర్సులా పోయి పదేళ్లు దాటింది. భాండాగారం మూతపడి, అచ్చయిన పటం మాత్రం మిగిలింది. గూరో లోయ ఉన్న చోట ఆ పటం మీద కాగితం తెల్లగా ఉంటుంది. గూరో వంటి స్త్రీలందరికీ నార్వే ప్రభుత్వం కొన్నేళ్ల కిందట క్షమాపణ చెప్పినట్టు పత్రికలో చదివాను. ఆ మాట వినడానికి ఆమె లేదు.

నస్రీన్ అడగగానే నా రికార్డింగు ప్రతి పంపింది. తన లాప్‌టాప్‌లో ఒకటి ఉంచుకుంటానని, పోనియ్యనని కూడా రాసింది. మంచి పిల్ల. లాప్‌టాప్‌లు ఎన్నేళ్లుంటాయో నాకు తెలుసు. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చొని, చెవులకు యంత్రం తగిలించుకొని, ల్యూబెక్ పద్ధతిలో పెన్సిలు పట్టుకొని నా గొంతును నేను లెక్కించాను. గూరోకు చేసినట్టే రెండుమార్లు. ళకారం రావలసిన చోట్లు తొంభై నాలుగు. అరవై ఒక్క చోట్ల ఉంది. ముప్పై మూడు చోట్ల జర్మన్లు పలికే మెత్తని లకారం ఉంది. నీళ్లు, తాళం, వాళ్లు అన్న మాటలు ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా వచ్చాయి. మా అమ్మ పేరు కాళహస్తమ్మ. ఆ పేరు రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తప్పింది. మూడోమారు విన్నాను, లెక్క మారలేదు.

ఇంట్లో నేను తెలుగు మాట్లాడితే మనవలు జర్మన్‌లో జవాబిస్తారు. నా భార్య పోయాక ఆ ధ్వనిని నాకు తిరిగి వినిపించేవారు లేరు. పొయ్యితో, గడియారంతో మాట్లాడడం నేను నేర్చుకోలేదు. ఆ యంత్రానికి నన్ను వద్దన్న నియమం, డైరెక్టరు చెప్పిన నియమమే, గూరో పట్ల తప్పింది. నా పట్ల తప్పలేదు.

రాస్తున్న నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం ముగించే ముందు అంకెలన్నీ మరొకసారి సరిచూశాను. దక్షిణ తీరపు బడి నుంచి ఆ టేపు పోయిందన్న కబురు నాకు ఇంతవరకు రాలేదు గనుక ఉన్నట్టే లెక్క వేస్తున్నాను. గూరో రోమర్ గొంతు లోకంలో మిగిలినది ఆమె భాషలో పదకొండు మాటలు. అందులో ఆ ధ్వని రావలసినవి మూడు: ఎండ, పెరడు, లోయ. సరిగా ఉన్నవి మూడు.